లంకాద్వీపం దగ్గర ఆగిన ప్రయాణం

అమెరికన్ రచయిత డాన్ సిమన్స్ నవల 'ఇలియం' 2003లో వచ్చింది. అందులో ట్రాయ్ యుద్ధం మళ్లీ జరుగుతుంది. గ్రీకు దేవతలు అంగారక గ్రహం మీద, ఇరవై కిలోమీటర్లకు మించిన ఎత్తున్న ఒలింపస్ మాన్స్ శిఖరం పైన కొలువుంటారు. వాళ్ల మహిమలన్నీ యంత్రశక్తి వల్ల వచ్చినవే. ఇరవయ్యో శతాబ్దంలో హోమర్ పాఠాలు చెప్పి చనిపోయిన హాకెన్‌బెరీ అనే ఆచార్యుణ్ణి బతికించి తెచ్చి, యుద్ధం 'ఇలియడ్'లో ఉన్నట్టే నడుస్తోందో లేదో కనిపెట్టి చెప్పే పనిలో పెడతారు. కొంతకాలం అంతా కావ్యంలో ఉన్నట్టే నడుస్తుంది. చివరికి ఆ ఆచార్యుడే కథలో వేలు పెడతాడు. దాంతో అకిలీసూ హెక్టరూ ఒక పక్షాన చేరి దేవతల మీదికే యుద్ధానికి వెళతారు. మరోవైపు గురుగ్రహపు ఉపగ్రహాల నుంచి బయల్దేరిన రెండు యంత్రజీవులు, ఒకటి షేక్‌స్పియర్ భక్తుడు, ఇంకొకటి ప్రూస్ట్ అభిమాని, దారిపొడుగునా సాహిత్యం మీద వాదించుకుంటూ ఉంటాయి.

ఈ నవలని రాజమండ్రిలోనో అమలాపురంలోనో కూర్చుని చదివే తెలుగు పాఠకుడికి సగం రుచే అందుతుంది. కథ దారి తప్పిందని తెలియాలంటే అసలు దారి తెలిసుండాలి కదా. హెక్టర్ చావాల్సిన చోట చావలేదే అని తనంతట తాను గ్రహించినవాడికే ఒళ్లు జలదరిస్తుంది. మనకి ఆ సంగతి ఎవరో వివరిస్తే తెలుస్తుంది. అదే కర్ణుడి రథచక్రం కుంగాల్సిన చోట కుంగలేదనుకోండి, ఉత్తర గర్భం మీదికి వెళ్లిన అస్త్రాన్ని ఎవరూ ఆపలేదనుకోండి, ఏ వివరణా లేకుండానే మన గుండె ఆగినంత పనవుతుంది. అలాంటి పాఠకులు తరతరాలుగా ఉన్న భాషలో అలాంటి నవల ఎంతదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది నా ప్రశ్న. నాకు తోచిన జవాబు ముందే చెబుతాను. తెలుగులో పురాణాన్ని నిలదీసినవాళ్లూ, సైన్స్‌ని పట్టుకుని ఊహలు అల్లినవాళ్లూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పనిచేశారు. ఆ రెండు స్వభావాలూ ఒకే రచయితలో గట్టిగా కలిసింది 1890లలో, రాజమండ్రిలో.

గోదావరి డెల్టాలో పురాణం పుస్తకాల్లో కన్నా ముందు నేల మీద కనిపిస్తుంది. ధవళేశ్వరం దిగువన చీలిన నదీపాయలకు ఋషుల పేర్లున్నాయి. యానాం పక్కనుంచి వెళ్లేది గౌతమి, అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసేది వసిష్ఠ. తారకాసురుడి మెడలోని లింగం ముక్కలై పడిన చోట్లని చెప్పే పంచారామాల్లో నాలుగు ఇక్కడే ఉన్నాయి: ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం గునుపూడి. మహాభారతం తెలుగులోకి రావడం మొదలైంది పదకొండో శతాబ్దంలో, రాజరాజనరేంద్రుడి రాజమహేంద్రవరంలో, నన్నయ చేతుల మీదుగా. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత అదే ఊళ్లో శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి భారత భాగవత రామాయణాలు మూడింటినీ ఒంటిచేత్తో మళ్లీ తెలుగు చేశారు. కడియం చెళ్లపిళ్ల వారూ దివాకర్ల తిరుపతి శాస్త్రి గారూ జంటగా రాసిన పాండవ నాటకాలు తెల్లవార్లూ ఆడేవి. అక్షరం ముక్క రానివాళ్లు కూడా పద్యంలో నటుడు తడబడితే పట్టుకునేవారు. కాకినాడ పక్కన మాధవపట్నంలో తోలుబొమ్మల మీద రావణుడు ఆకాశమార్గాన సీతను ఎత్తుకుపోయేవాడు. ఇక్కడి పాఠకుడు నవల తెరిచేనాటికే ఇదంతా అతని చెవుల్లో ఉంటుంది.

కొత్త యంత్రం వచ్చినా పురాణం దాన్ని తనలోకి లాక్కున్న చోటు ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కట్టించిన ఆర్థర్ కాటన్ దొర అపర భగీరథుడయ్యాడు. గోదావరి స్నానం చేసేటప్పుడు పండితులు సంకల్పంలో ఆయన పేరు కలిపి తలుచుకునేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక ఇంజనీరు బతికుండగానే పురాణపురుషుడయ్యే ప్రాంతంలో సైన్స్ కల్పనకీ పురాణానికీ మధ్య గోడ కట్టడం కష్టం. ఆ గోడ తర్వాతి కాలంలో చదువుకున్నవాళ్లు కట్టుకున్నది.

కందుకూరి వీరేశలింగం (1848-1919) అనగానే వితంతు వివాహాలు, 'వివేకవర్ధని', 'రాజశేఖర చరిత్రము' గుర్తొస్తాయి. 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంగా మిగిలిపోయింది. ఇది అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం. జొనాథన్ స్విఫ్ట్ 1726లో అచ్చువేసిన గలివర్ యాత్రల ప్రేరణతో 1890లలో వీరేశలింగం ఈ రచన చేశారు. రెండు భాగాలు. మొదటి దాంట్లో సత్యరాజు ఆడుమళయాళం చేరతాడు. అక్కడ ఏలుబడి ఆడవాళ్లది. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఏయే కట్టుబాట్లున్నాయో అవన్నీ అక్కడ మగవాళ్ల మెడకు చుట్టుకుని ఉంటాయి. చదువు వద్దు, గడప దాటకూడదు, పత్నియే దైవం. రెండో భాగంలో సత్యరాజు వెళ్లేది లంకాద్వీపం. అక్కడివాళ్లు మహాకాయులు.

ఈ లంక ఎంపికను కాస్త ఆగి చూడాలి. స్విఫ్ట్ తన మహాకాయుల దేశాన్ని ఎవరూ వినని చోట పెట్టాడు. వీరేశలింగం దాన్ని ప్రతి తెలుగు పిల్లవాడికీ తెలిసిన ద్వీపంలో పెట్టారు. లంక అనగానే చదివేవాడి మనసులో రాక్షసులు, రావణుడి కొలువు, హనుమంతుడు కాల్చిన మేడలు అన్నీ లేచి నిలబడతాయి. రచయిత ఒక్క వర్ణన కూడా ఖర్చుపెట్టకుండా ఒక లోకం సిద్ధమవుతుంది. తర్వాత ఆ లోకంలో మన మూఢాచారాలే మన కంటికి ఎన్నో రెట్లు పెద్దవిగా కనిపిస్తాయి. చిన్నగా ఉన్నప్పుడు అలవాటనిపించింది కొండంత అయినప్పుడు వికారంగా ఉంటుంది. నూరేళ్ల తర్వాత సిమన్స్ హోమర్‌తో చేసిన పని మూలసూత్రం ఇదే: పాఠకుడు వెంట తెచ్చుకున్న కథనే రచయిత తన పనిముట్టు చేసుకోవడం.

ఇది సైన్స్ కల్పన ఎలా అవుతుంది, యంత్రాలు లేవు కదా అనే అభ్యంతరం రావచ్చు. ఇదే మనిషి ఆ సంవత్సరాల్లోనే ఏం రాశారో చూడండి: 'శరీరశాస్త్ర సంగ్రహము', 'జ్యోతిశ్శాస్త్ర సంగ్రహము', 'జంతుస్వభావ చరిత్రము'. గ్రహణం రాహువు మింగడం వల్ల కాదని తెలుగులో వివరించిన చెయ్యే సత్యరాజుని లంకకు పంపింది. ఒక్క నియమం మార్చి, మిగతా లోకమంతా ఆ మార్పుకు తగ్గట్టు ఎలా సర్దుకుంటుందో చివరిదాకా పట్టుకుని చూడటం శాస్త్రపరీక్ష పద్ధతి. ఆడుమళయాళం అచ్చంగా అలాంటి పరీక్ష. స్త్రీల రాజ్యాన్ని ఊహించిన భారతీయ రచనల్లో ప్రపంచమంతా చెప్పుకునేది రొకెయా హుసేన్ 'సుల్తానాస్ డ్రీమ్'. అది 1905లో మద్రాసు 'ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో వచ్చింది. అంటే వీరేశలింగం తర్వాత పదేళ్లు దాటాక. రొకెయా కథలో సౌరశక్తీ గాలిబండ్లూ ఉన్నాయి, ఒక స్త్రీ కలగన్న స్వేచ్ఛ ఉంది. వీరేశలింగంలో అవి లేవు. మగవాడికి చూపించిన అద్దం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పాల్సిన రచనలు.

వీరేశలింగం ఆగిన చోటు కూడా చెప్పాలి. ఆయన లంకను వాడుకున్నారు గానీ రామాయణంతో తలపడలేదు. ఆయన గురి రాజమండ్రి మీద. లంక ఆయనకు ఒక ఎత్తైన అరుగు, అక్కడ నిలబడి మన వీధుల్ని చూపించారు. రావణుడి దేశంలోని మామూలు మనిషి ఆ యుద్ధాన్ని ఎలా గుర్తుపెట్టుకున్నాడన్న ప్రశ్న ఆయనది కాదు. ఆ అడుగు తర్వాతివాళ్లు వెయ్యాల్సింది.

తర్వాత గట్టి అడుగు వేసినవాడు డెల్టా అవతలి గట్టు మనిషి, కృష్ణాజిల్లా నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ. ఆయన 'హాహా హూహూ'లో పట్టుబట్టలూ నగలూ వేసుకున్న గుర్రపుతల గంధర్వుడు ఒక పొద్దున లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడి ఉంటాడు. అన్యగ్రహజీవి దిగిన కథకు ఇంతకన్నా సూటి ఆరంభం ఉండదు. ఇంగ్లండు శాస్త్రజ్ఞులు అతణ్ణి బోనులో పెట్టి పరీక్షిస్తారు. పరీక్షించేవాళ్ల తెలివికే పరీక్ష జరుగుతుంది. వీరేశలింగం మనల్ని బయటివాడి కళ్లతో చూపిస్తే, విశ్వనాథ ఇంగ్లండుని మన పురాణం కళ్లతో చూపించారు. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'లో మరో అడుగు: పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మా, కవిబ్రహ్మ తిక్కనా ఒక లెక్చరర్ కలలోకి వచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. కావ్యకర్తే పాత్రగా దిగి రావడం సిమన్స్‌కు ఎంతో ముందే తెలుగులో జరిగింది. ఈ రెండింటినీ ఇంగ్లీషు చేసినవారు ఏలూరులో పాఠాలు చెప్పి తర్వాత అమెరికా వెళ్లిన వెల్చేరు నారాయణరావు. 2018లో పెంగ్విన్ వాటిని ఒక పుస్తకంగా వేసింది. విశ్వనాథ లోపం ఏమిటంటే గెలుపెవరిదో ముందే నిర్ణయమై ఉంటుంది. గంధర్వుడు ఓడిపోయే అవకాశం కథలో ఎక్కడా లేదు. పురాణాన్ని కొత్త లోకంలోకి తెచ్చిన రచయిత దాన్ని కూడా ప్రమాదంలో పెట్టాలి. పురాణానికి దెబ్బ తగలనివ్వకపోతే అది కాపలా అవుతుంది, నవల కాదు.

తర్వాతి తరాల్లో రెండు దారులూ వేరయ్యాయి. నిలదీసే దారిలో తెలుగుకు లోటు లేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' దగ్గర మొదలుపెట్టి నార్ల 'సీతజోస్యం' దాకా, ఓల్గా 'విముక్త' దాకా పెద్ద వరస. పశ్చిమ గోదావరి బొమ్మిడిలో పుట్టిన రంగనాయకమ్మ 1970లలో 'రామాయణ విషవృక్షం' రాసి ఇంటింటా తగువు పెట్టారు. వీళ్లందరికీ పురాణం నిన్నటి అన్యాయానికి సాక్ష్యం. రేపటి మాట ఎత్తాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. వాస్తవికతే సాహిత్యం, అద్భుతం పలాయనం అన్న పట్టుదల అభ్యుదయ కాలమంతా బలంగా ఉంది. దానివల్ల మంచి కథలు వచ్చాయి గానీ, ఊహని అనుమానించే అలవాటు కూడా వచ్చింది.

ఊహించే దారి వారపత్రికల సీరియళ్లలోకి వెళ్లింది. తూర్పు గోదావరి మన్యంలో రాజవొమ్మంగి వాడైన యండమూరి వీరేంద్రనాథ్ ఆ దారిలో పెద్ద పేరు. 'తులసిదళం'లో చేతబడికీ వైద్యశాస్త్రానికీ మధ్య నలిగే ఇల్లు, 'యుగాంతం'లో లోకం అంతమయ్యే ముందు మనుషుల ప్రవర్తన, భవిష్యత్ శతాబ్దం చట్రంలో ప్రేమకథను బిగించి ఉపనిషత్తు మాటను పేరుగా పెట్టుకున్న 'ఆనందో బ్రహ్మ'. ఆయన వల్ల అద్దె పుస్తకాల షాపుల్లో సైన్స్ మాట తెలిసిన పాఠకులు తయారయ్యారు. దీన్ని చిన్నచూపు చూసే విమర్శతో నాకు పేచీ ఉంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ప్రతి వారం ఉత్కంఠతో ఆపాల్సిన సీరియల్‌కి పాఠకుణ్ణి నిలబెట్టి పాతకథని గుర్తుచేసుకోనిచ్చే తీరిక ఉండదు. అక్కడ ఉపనిషత్తు పేరైంది, పురాణం అలంకారమైంది. కథను నడిపే ఇరుసు కాలేదు.

ఇంకో అడ్డంకి ఇంతకన్నా బలమైనది. పుష్పకమే విమానం, బ్రహ్మాస్త్రమే అణుబాంబు అనే వాదం. దానికి శాస్త్రప్రమాణంగా చూపించే వైమానిక శాస్త్రాన్ని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు 1974లో పరిశీలించి, అది ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల రచన అనీ, అందులోని విమానాలు ఎగిరేవి కావనీ తేల్చారు. ఆ వాదం తప్పని చెప్పడం ఒక ఎత్తు. సాహిత్యానికి అది చేసిన చెరుపు మరో ఎత్తు. పుష్పకం ఇప్పటికే యంత్రమైపోతే రచయిత ఊహించడానికి ఏం మిగిలింది? కుబేరుడి దగ్గర లాక్కున్న వాహనం రావణుడి చేతిలో పడి, రాముణ్ణి అయోధ్యకు చేర్చింది. ఒక శక్తి చేతులు మారినప్పుడు ధర్మం కూడా మారుతుందా అన్న అసలు ప్రశ్న ఆ వాదం తెచ్చిన గర్వంలో మునిగిపోయింది.

దీనికి మంచి విరుగుడు రోజర్ జెలజ్నీ 1967 నవల 'లార్డ్ ఆఫ్ లైట్'. 1968లో హ్యూగో బహుమతి పొందింది. భూమి నుంచి 'స్టార్ ఆఫ్ ఇండియా' అనే నౌకలో దూరగ్రహానికి వెళ్లిన సిబ్బంది, శరీరం మార్చుకునే యంత్రాన్ని గుప్పిట్లో పెట్టుకుని, యముడు, కాళి, అగ్ని, బ్రహ్మ అని పేర్లు పెట్టుకుని జనాన్ని ఏలుతుంటారు. పునర్జన్మ ఎవరికివ్వాలో వాళ్లే నిర్ణయిస్తారు. శామ్ అనేవాడు బుద్ధుడి బోధను ఆయుధం చేసుకుని ఎదురుతిరుగుతాడు. ఈ నవల మన పాఠకులు కొందరికి మింగుడుపడదు, తెలుసు. దేవతల పేర్లు పరాయివాడి నోట వినడం ఒక ఇబ్బంది. మన ఆరాధన వెనకున్న ఆర్ద్రత జెలజ్నీకి అందలేదన్నది నిజమైన లోపం. ఒక ఘట్టం మాత్రం గోదావరి పాఠకుడికి వేరే ఎవరికన్నా బాగా అర్థమవుతుంది. ఆ గ్రహం మీద సామాన్యులు అచ్చుయంత్రం కనిపెట్టినప్పుడల్లా దేవతలు దాన్ని నాశనం చేయిస్తారు. సొంత ప్రెస్సులో పత్రిక అచ్చువేసి, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి, ఊరి వెలిని ఎదుర్కొన్న వీరేశలింగం కథ విన్నవాళ్లం మనం. అచ్చంటే అధికారానికి ఎందుకంత భయమో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

నవల ఆగిన చోటినుంచి సినిమా కొంతదూరం వెళ్లింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' కాలయంత్రాన్ని 1526 నాటి కృష్ణదేవరాయల కొలువులో దించింది, తర్వాత 2504కి తీసుకెళ్లింది. మాటలు నరసాపురం వాడైన జంధ్యాలవి. ఈ కాలపు కుర్రాడు తెనాలి రామకృష్ణుడి ఎదుట నిలబడటంలో ఉన్న ఆనందం, ప్రబంధాలు తెలిసిన ప్రేక్షకుడికి రెట్టింపవుతుంది.

2024 జూన్‌లో వచ్చిన నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ'లో దృశ్యవైభవం గురించి చాలామంది రాశారు. నన్ను పట్టి ఉంచింది అశ్వత్థామ. సౌప్తిక పర్వంలో నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపి, ఉత్తర గర్భంలోని శిశువు మీద అస్త్రం వదిలినవాడు అతను. అదే మనిషి యుగం చివర ఒక గర్భాన్ని కాపాడే పనికి కట్టుబడి ఉంటాడు. నేరం ఏ రూపంలో ఉందో ప్రాయశ్చిత్తమూ ఆ రూపంలోనే. వ్యాసుడు చెప్పనిది, కానీ వ్యాసుడి లెక్కకు సరిపోయేది. పురాణ సైన్స్ కల్పన చెయ్యాల్సిన పని ఇదే. ఆ సినిమాలో ఎగిరే బండ్లని మర్చిపోయినా ఈ ఒక్క ఊహ నిలుస్తుంది. కర్ణుడి విషయంలో మాత్రం సినిమా సులువైన దారి పట్టింది. 'దాన వీర శూర కర్ణ' నాటినుంచి తెలుగు ప్రేక్షకుడికి ఉన్న అభిమానాన్ని మీటి చప్పట్లు కొట్టించుకుంది, కర్ణుణ్ణి ఏ కొత్త ప్రశ్న ముందూ నిలబెట్టలేదు.

ఆ సినిమాలో లోకానికి మిగిలిన చివరి నగరం కాశి. మన శ్రీనాథుడు ఆరువందల ఏళ్ల క్రితమే కాశి గురించి ఇంకా పదునైన కథ చెప్పాడు. 'భీమేశ్వర పురాణం'లో వ్యాసుడు కాశిలో రోజుల తరబడి భిక్ష దొరక్క ఆకలితో మాడి, ఆ నగరాన్నే శపించబోతాడు. విశాలాక్షి ఇల్లాలి రూపంలో వచ్చి అన్నం పెడుతుంది. శివుడు మాత్రం ఊరు విడిచి పొమ్మంటాడు. భారతం చెప్పిన కవి వెలివేయబడి, నడుచుకుంటూ ద్రాక్షారామం చేరతాడు. కాశి మోక్షమే ఇస్తుంది, ఇక్కడ భోగమూ మోక్షమూ రెండూ దొరుకుతాయని ఆ పురాణం మాట. అన్నం దొరకని పుణ్యనగరం, కోపగించిన కవి, వరిచేల మధ్య ఇంకో నగరం. భవిష్యత్తులోకి తీసుకెళ్లడానికి ఇందులో ఒక్క పాత్రనైనా కొత్తగా కల్పించాల్సిన పని లేదు.

చిలకమర్తి లక్ష్మీనరసింహం రాజమండ్రి రంగస్థలానికి రాసిన 'గయోపాఖ్యానం' మరొకటి. లక్షకు పైగా ప్రతులు అమ్ముడైందని చెప్పే నాటకం, పల్లెపల్లెనా ఆడింది. గయుడనే గంధర్వుడు విమానంలో పోతూ కింద ఏముందో చూసుకోకుండా తాంబూలం ఉమ్ముతాడు. అది అర్ఘ్యమిస్తున్న శ్రీకృష్ణుడి దోసిట్లో పడుతుంది. చంపి తీరతానని కృష్ణుడి ప్రతిజ్ఞ. ఎవరినుంచో అడక్కుండానే గయుడికి అర్జునుడి అభయం. పైనున్నవాడికి పొరపాటు, కిందున్నవాడికి అవమానం, పరిపాలకుడి మాట ఒకవైపు, శరణార్థి ప్రాణం మరోవైపు. మనుషుల్లేని విమానాలు సరిహద్దులు దాటుతున్న ఈ రోజుల్లో ఇంతకన్నా సమకాలీనమైన కథ నాకు తెలియదు. పాతకథలో ఇద్దరు మిత్రులూ యుద్ధానికి దిగాక దేవతలు కల్పించుకుని ఆపుతారు. దేవతలెవరూ దిగిరాని ఆకాశం కింద కృష్ణుడు మాట తప్పుతాడా, అర్జునుడు గయుణ్ణి అప్పగిస్తాడా, లేక ఇద్దరి పంతానికీ మధ్య ఊళ్లు కాలిపోతాయా అన్నది తెలుగులో ఇంకా ఎవరూ రాయాల్సిన తీరులో రాయలేదు.